“సరిగా తినడం లేదు” అని రాసి వదిలేయకు

తల్లీ,

క్యాన్సర్ వార్డులో డ్యూటీ వేశారని రాశావు. కీమో మందులు, ఇంజెక్షన్ లైన్లు తలచుకుంటేనే టెన్షన్‌గా ఉందన్నావు. అవి దగ్గరుండి నేర్పడానికి అక్కడ సీనియర్లు ఉంటారు. రోగి తిండి సంగతి మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే ఈ ఉత్తరం.

కేస్ షీట్‌లో మనం రోజూ రాసే మాట ఒకటుంది: “సరిగా తినడం లేదు”. నేనూ అలాగే రాసేదాన్ని. ఒకసారి ఒక పెద్దాయన గురించి వరుసగా నాలుగు రోజులు అదే రాశాం. ఐదో రోజు టార్చ్ వేసి నోట్లో చూశాను. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లగా ఫంగస్ పూత. మెతుకు తగిలితే మంట. ఎందుకు చెప్పలేదని అడిగితే, “మీరంతా పనిలో ఉన్నారు కదమ్మా” అన్నాడు. మందు మొదలుపెట్టాక మెల్లగా తినగలిగాడు. పోయిన ఆ నాలుగు రోజులూ నన్ను ఇప్పటికీ బాధపెడతాయి.

చేరిన రోజే బరువు చూడు. వాళ్లు చెప్పింది రాసుకోకుండా మెషిన్ ఎక్కించు. తర్వాత వారం వారం అదే మెషిన్ మీద, అదే వేళకు చూడు. ఆరు నెలల క్రితం ఎంత ఉండేవారో అడుగు. 60 కిలోల మనిషి 57కి వస్తే 5 శాతం పోయినట్టు. కావాలని తగ్గకుండానే 6 నెలల్లో 5 శాతం దాటి తగ్గిందంటే అది క్యాన్సర్ వల్ల వచ్చే క్షీణత కావచ్చు. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 20 లోపు ఉన్నవాళ్లకైతే 2 శాతం దాటినా అంతే. ఆకలి తగ్గిందా, తిండి తగ్గిందా అన్నది కూడా అడిగి, అనుమానం ఉంటే ఆ రోజే డైటీషియన్‌కు చెప్పు. మనిషి ఎముకల గూడయ్యాక కబురు పెడితే చేయగలిగింది చాలా తక్కువ.

తూకం ఒక్కదాన్నే నమ్మకు. పొట్టలో నీరు చేరినా, కాళ్లు వాచినా బరువు నిలకడగానే కనిపిస్తుంది, లోపల కండ మాత్రం కరిగిపోతుంటుంది. లావుగా ఉన్నవాళ్లలో ఇది అంత తేలిగ్గా బయటపడదు. కణతల దగ్గర గుంటలు, భుజం ఎముకలు, పిక్కలు చూడు. నీ చెయ్యి గట్టిగా పట్టుకోమను. ఉంగరం జారుతోందా, కట్టుడు పళ్లు వదులయ్యాయా అని అడుగు. రిపోర్టులో ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ తక్కువుందని తిండి లోపమే అనుకోకు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (జబ్బు వల్ల లోపల వచ్చే వాపు) ఉన్నా అది పడిపోతుంది.

ఇక ఎందుకు తినడం లేదో వెతకాలి. ముందు నోరు. పూత, పుండ్లు, పొడిబారడం ఉన్నాయేమో రోజూ చూడు. మెత్తటి బ్రష్ వాడించు, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు, ఉప్పు నీళ్లతో పుక్కిలించమను. తర్వాత విరేచనం. ఇది అందరూ మర్చిపోతారు! నొప్పికిచ్చే మార్ఫిన్, వాంతులు ఆపే ఆండాన్‌సెట్రాన్ రెండూ మలబద్ధకం తెస్తాయి. నాలుగు రోజులుగా కడుపు కదలని మనిషికి ఆకలి ఎక్కడిది? వాంతుల మాత్ర భోజనానికి అరగంట ముందు పడుతోందా, కంచం వచ్చాక పడుతోందా? నోరు లోహంలా చేదుగా ఉందంటే ప్లాస్టిక్ చెంచా ఇచ్చి చూడు. వాసన పడకపోతే వేడివేడిగా కాకుండా ఆరనిచ్చి పెట్టు. కానీ ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవాళ్లకు ఆ రోజుల్లో చల్లటివి తాగనివ్వకు, గొంతు పట్టేసినట్టవుతుంది. నీళ్లు తాగుతూ దగ్గుతున్నా, మాట తడిగా గరగరలాడినా నోటి నుంచి ఇవ్వడం ఆపి వెంటనే డాక్టర్‌కు చెప్పు. పరీక్షలకని ఖాళీ కడుపుతో ఉంచి, అది వాయిదా పడితే తిండి పెట్టమని గుర్తుచేయాల్సింది నువ్వే.

మామూలుగా కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, 1 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ లెక్క వేస్తారు. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టాలి. అయితే ఐదారు రోజులు దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా నిండుగా ఇవ్వకూడదు. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, తక్కువతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూస్తూ పెంచుతారు. ముక్కు ద్వారా తిండి పంపే గొట్టం ఉంటే తల వైపు కనీసం 30 డిగ్రీలు ఎత్తు. గాలి కొట్టి చప్పుడు విని గొట్టం సరైన చోటే ఉందని నమ్మకు.

ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు ఓపిక పట్టు. “తినకపోతే ఎలా” అని వాళ్లు గదమాయించేది ప్రేమతోనే. రోగికి మాత్రం ప్రతి పూటా అదొక పరీక్ష అవుతుంది. జబ్బు వల్ల ఆకలి చచ్చిపోతుందని, అది మొండితనం కాదని వాళ్లకు విడమరిచి చెప్పు. చివరి రోజుల్లో ఉన్న మనిషికి బలవంతంగా ఏదీ పెట్టనివ్వకు. పెదాలు తడపడం, నోరు శుభ్రం చేయడం వాళ్లకు నేర్పు. ఏదో ఒకటి చేస్తున్నామన్న ఊరట వాళ్లకూ కావాలి.

రేపు డ్యూటీకి వెళ్లగానే ముందు మీ వార్డులో బరువు చూసే మెషిన్ సున్నా దగ్గర నిలుస్తోందో లేదో చూసి, నాకు రాయి.

నీ పెద్దమ్మ