ఆపరేషన్ కుట్ల మీద కవిత చదివానని ఇంట్లో మాట్లాడటం మానేశారు, డిలీట్ చేసేయనా?

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళ కోసం విషయం క్లుప్తంగా చెప్తా. మీకు 36 ఏళ్ళు, తొమ్మిదేళ్ళ పాప. ఊళ్ళో ఒక సాహిత్య సభలో మీ ఒంటి గురించి మీరు రాసుకున్న కవిత చదివారు, ముట్టు రోజుల్లో మూలన వేసిన చాప, పాలు గడ్డకట్టి జ్వరం తెప్పించిన రొమ్ము, సిజేరియన్ కుట్లు, అన్నీ అయ్యాక కూడా మనసులో చావని కోరిక. ఎవరో అందులో నలభై సెకన్లు వీడియో తీస్తే అది తిరిగి తిరిగి మీ అత్తింటి వాట్సాప్ గ్రూప్‌లో పడింది. మీవారు "నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నా, డిలీట్ చేయించు, ఇక రాయకు" అని మూడు వారాలుగా మాట్లాడటం లేదు. పాపేమో "అమ్మా, బూతు అంటే ఏంటి" అని అడిగింది. "నేను సిగ్గులేనిదాన్నా?" అని రాశారు.

కాదమ్మా. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే మీరు మూడు వారాలుగా ఇదే ప్రశ్న మోస్తూ వంట చేస్తున్నారు, ఆఫీసుకి వెళ్తున్నారు.

మీకో పాత సంగతి చెప్పాలి. 18వ శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే ఆవిడ రాధికా సాంత్వనము రాసింది, అందులో రాధ తన కోరిక తనే చెప్పుకుంటుంది, కృష్ణుడొచ్చి బతిమాలుకోవాల్సి వస్తుంది. మగకవులు ఆడదాని ఒంటిని పాదం నుంచి కొప్పు దాకా వర్ణిస్తే అది ప్రబంధం, ఆడది రాసేసరికి అసభ్యం అయిపోయింది. ఆ కావ్యాన్ని తప్పుబట్టింది ఎవరో కాదు, 1881లో రాజమండ్రిలో వితంతు పెళ్ళి జరిపించిన కందుకూరి వీరేశలింగం గారు. 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తూ సిగ్గూ మర్యాదా ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని నిలదీసింది, ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారి చొరవతో ఆ నిషేధం పోయాక 1952లో వావిళ్ళ ప్రచురణ సంస్థ వాళ్ళు మళ్ళీ వేశారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీవారు చెడ్డవాడని మీరెక్కడా రాయలేదు, కాన్పప్పుడు పదిహేను రోజులు సెలవు పెట్టి మీ పక్కనే ఉన్నారని రాశారు. వీరేశలింగం గారంత పెద్దాయన, ఆడవాళ్ళ కోసం ఊరందరితో తిట్లు తిన్న మనిషే ఇక్కడికొచ్చేసరికి ఆగిపోయాడు. మీవారు కూడా అక్కడే ఆగారనిపిస్తోంది. ఆయన పూర్తి కవిత విన్నారా? మీ ఉత్తరం ప్రకారం వినలేదు, ఆ నలభై సెకన్లే చూశారు, అదీ బాబాయి గారు పెట్టిన ఫార్వర్డ్‌లో, కింద వచ్చిన కామెంట్లతో కలిపి.

కాబట్టి ఇప్పుడు డిలీట్ చేయించొద్దు, అలాగని కోపంలో ఇంకోటి రాసి పెట్టొద్దు. పాప పడుకున్నాక, ఫోన్లు రెండూ పక్కన పెట్టి, కాగితం మీద ఉన్న కవిత ఆయనకి చదివి వినిపించండి. వివరణ ఇవ్వకండి, వాదించకండి, చదివి ఊరుకోండి. ఆ తర్వాత ఒక్కటే అడగండి: ఇందులో నిన్ను నొప్పించిన లైన్ ఏది?

ఇక్కడ నేను మీ పక్షాన కాకుండా ఒక మాట అనాలి. కుట్లు మీవి, పాలు మీవి, ముట్టు మీది, వాటి గురించి రాయడానికి మీకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. కానీ మీరు పంపిన కవితలో చివర "ఏడాదిగా అటు తిరిగి పడుకున్న వీపు" అని ఉంది చూడండి, ఆ వీపు ఆయనది. అది మీ ఒక్కరి సంగతి కాదు, ఇద్దరిదీ. సభలో చదివే ముందు ఆయనకి ఒకసారి చెప్పి ఉండాల్సింది. నా అనుమానం ఏంటంటే ఆయనకి తగిలింది రొమ్ము, ముట్టు అన్న మాటలు కాదు, ఆ వీపే, కాకపోతే ఆ మాట బయటికి చెప్పలేక పరువు అంటున్నారు. ఆ లైన్ ఉంచాలా తీయాలా అనేది ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. మిగతా కవిత మాత్రం ఆ బేరంలో పెట్టకండి.

ఒకవేళ మాటలు దాటి చెయ్యెత్తినా, పుట్టింటికి పో అని గెంటినా అది కవిత గొడవ కాదు, హింస. అప్పుడు 181కి ఫోన్ చేయండి, ఆలోచించకండి.

మీ అత్తగారి గురించి రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. గ్రూప్‌లో అందరూ తిడుతుంటే ఆవిడ ఏమీ అనకుండా మర్నాడు పొద్దున బియ్యం ఏరుతూ "నాకూ ఎడమవైపు గడ్డ కట్టింది, మీ ఆయనప్పుడు, తమలపాకులు వేడి చేసి కట్టారు" అన్నారని రాశారు కదా, మీరు దాన్ని దెప్పిపొడుపు అనుకున్నారు. నాకలా అనిపించలేదమ్మా. ఆవిడ మీ కవిత విన్నది, తన సంగతి చెప్పింది, అంతకంటే ఎలా చెప్పాలో ఆవిడకి తెలీదు. నాకూ మొదటి కాన్పు ఆపరేషనే, ఏడాది దాకా స్నానానికి లైటు ఆర్పుకుని వెళ్ళేదాన్ని, మా అమ్మతో కూడా అనలేదు. ఈసారి ఆవిడ బియ్యం చేటతో కూర్చున్నప్పుడు మీరూ పక్కన కూర్చుని ఆ తమలపాకుల సంగతి అడగండి.

పాపకి కూడా జవాబు బాకీ ఉన్నారు. బూతు అంటే ఎదుటివాళ్ళని కించపరచడానికి వాడే మాట, అమ్మ ఎవర్నీ కించపరచలేదు అని చెప్పండి. అది అడిగితే కుట్ల మచ్చ చూపించి, నువ్వు ఇందులోంచే వచ్చావని చెప్పండి. మూడు నాలుగేళ్ళలో అది పెద్దమనిషవుతుంది, అప్పుడు ఏ మూలన చాప వేస్తారో, అసలు వేస్తారో లేదో ఇప్పుడే మీ ఇంట్లో మాట్లాడుకోండి.

ఆయన ఏ లైన్ చెప్పారో నాకు రాయండి.