మొదటి ఉద్యోగం: ఇంట్లో స్క్రీన్ ముందా, రుషికొండ ఆఫీసులోనా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది సీఎస్‌ఈ పూర్తి చేసింది. రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి పూర్తిగా ఇంటి నుంచే, అంతా వీడియో మీటింగులే. రెండోది రుషికొండలో, వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు వెళ్లాలి, జీతం కాస్త తక్కువ. రోజూ అంత దూరం తిరగడం అవసరమా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, జీతంలో తేడా మరీ ఎక్కువ కాకపోతే రుషికొండకే పంపండి. కనీసం మొదటి రెండేళ్లు.

గాజువాక నుంచి ఎన్‌ఏడీ, మద్దిలపాలెం దాటుకుని రోజూ వెళ్లిరావడం ఎంత అలసటో నాకు తెలుసు. అయినా కొత్తగా చేరిన పిల్లలు పని నేర్చుకునేది ఎక్కువగా పక్క సీటువాళ్ల దగ్గరే. కోడ్ ఎక్కడో ఆగిపోతుంది. 'అన్నా, ఒకసారి చూస్తారా' అంటే సీనియర్ కుర్చీ ఇటు జరుపుకుని రెండు నిమిషాల్లో చూపించేస్తాడు. ఇంట్లో అయితే ఇంత చిన్న డౌటుకు ఏమనుకుంటారోనని మెసేజ్ టైప్ చేయడం, చెరిపేయడం, సాయంత్రం దాకా అదే టెన్షన్. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఈ బాధే చెబుతారు.

2022లో 'నేచర్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఇద్దరేసి చొప్పున కొందరిని ఒకే గదిలో, కొందరిని వీడియోలో కూర్చోబెట్టి కొత్త ఆలోచనలు చెప్పమన్నారు. వీడియోలో ఉన్నవాళ్లకు తక్కువ తట్టాయి. చూపు స్క్రీన్‌కే అతుక్కుపోతే ఆలోచన కూడా ఇరుకైపోతుందని పరిశోధకులు వివరించారు. వచ్చినవాటిలో మంచిది ఏరడంలో మాత్రం వాళ్లేమీ వెనకబడలేదు. కాబట్టి రోజువారీ అప్‌డేట్లకు వీడియో చక్కగా సరిపోతుంది.

ఇంట్లో ఉండే ఆ ఒక్కరోజు గురించి బెంగ వద్దు. చైనాలోని ట్రిప్.కామ్ సంస్థలో 1,600 మందికి పైగా ఉద్యోగులతో చేసిన ప్రయోగంలో, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్లకు ప్రమోషన్లేమీ తగ్గలేదు. పైగా ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు.

సంతకం పెట్టేముందు హెచ్‌ఆర్‌ను ఒక్క మాట తప్పకుండా అడగమనండి: 'నా టీమ్ రుషికొండలోనే కూర్చుంటుందా?' టీమ్ లీడ్ బెంగళూరులో, మిగతావాళ్లు పుణెలో ఉంటే, పాపం, మీ అమ్మాయి అంత దూరం వెళ్లి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ వీడియో మీటింగులోనే కూర్చోవాలి. అలాగైతే ఇంటి నుంచి చేసే ఉద్యోగమే ఒప్పుకోమనండి.