ఉచితంగా పంచిన పాత మాన్యువళ్ళను ఎవరో అమ్ముకుంటున్నారు, ఆపగలనా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. 38 ఏళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాను. కొలత పరికరాలు బాగుచేసే పని చేసి రిటైరయ్యాను. వాల్వు రేడియోలు, ఆసిలోస్కోపులు, సిగ్నల్ జనరేటర్లు, లేత్ మిషన్ల పాత సర్వీసు మాన్యువళ్ళు 140 దాకా పోగుచేసి, నాలుగేళ్ళు కూర్చుని స్కాన్ చేసి నెట్‌లో ఉచితంగా పెట్టాను. ప్రతి పేజీ అడుగున నా పేరు, ‘అమ్మకానికి కాదు’ అన్న మాట వేశాను. కొన్నింటికి నేను సొంతంగా రాసుకున్న రిపేరు నోట్సు, 60 పేజీల దాకా, చివర కలిపాను. ఇప్పుడు ఎస్పీ రోడ్డులో ఒక దుకాణం వాళ్ళు నా పేరు చెరిపేసి, ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ చేసి ఒక్కోటి 450 రూపాయలకు అమ్ముతున్నారు. మొత్తం సెట్టు పెన్‌డ్రైవ్‌లో 2,500. వెళ్ళి అడిగితే, ‘నువ్వు రాశావా? కంపెనీది కదా, నీకేం పోయింది?’ అన్నారు. లాయరు నోటీసు పంపవచ్చా? పోలీసు కేసు పెట్టవచ్చా? అసలు నేను పెట్టడమే తప్పా? ఆ టెన్షన్‌తో అన్నీ తీసేద్దామనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: నోటీసు ఇప్పుడే పంపకండి. అన్నీ తీసేయడం కూడా ఇప్పుడే వద్దు.

నాలుగేళ్ళు మీరు కళ్ళు పాడుచేసుకుని చేసిన పనిని పైసా ఖర్చు లేకుండా తీసుకుని, మీ పేరు కూడా చెరిపేయడం తప్పుడు పని. అందులో నాకు అనుమానం లేదు. కానీ తప్పుడు పని జరగడం వేరు, దాన్ని ఆపమని కోర్టుకు వెళ్ళే హక్కు మీకు ఉండడం వేరు. దుకాణదారు మాట మొరటుగా ఉన్నా, చట్టం ముందు అందులో సగం నిజం ఉంది. మిగతా సగం ఆయనకు కూడా తెలిసినట్టు లేదు.

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రచన మీద హక్కు రాసినవారిది. ఉద్యోగంలో భాగంగా రాసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, 17వ సెక్షన్ కింద ఆ హక్కు కంపెనీది. మాన్యువల్‌లోని మాటలు సాహిత్య రచన కిందికి వస్తాయి. సర్క్యూట్ బొమ్మలు కళాకృతుల కిందికి వస్తాయి. మీరు చేసిన స్కానింగ్‌కు మాత్రం విడిగా హక్కు పుట్టదు. ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ కేసులో 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. శ్రమ, డబ్బు పెట్టినంత మాత్రాన కాపీరైట్ రాదని, కొంత నైపుణ్యం, విచక్షణ, కాస్తయినా సృజన కనిపించాలని చెప్పింది. ఆ కేసులో కోర్టు తీర్పుల అసలు పాఠం మీద ప్రచురణకర్తకు హక్కు రాలేదు కానీ, ఎడిటర్లు ఆలోచించి చేసిన పేరా విభజన లాంటి వాటికి రక్షణ దొరికింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మీ 60 పేజీల దగ్గర మళ్ళీ దీనితో పని పడుతుంది.

కాపీరైట్ దావా వేయగలిగేది హక్కుదారు, లేదా తమకొక్కరికే అన్న ప్రత్యేక లైసెన్సు ఆయన దగ్గర తీసుకున్నవారు. మొత్తం 140 మాన్యువళ్ళ పేరుతో మీరు బెదిరిస్తూ నోటీసు ఇస్తే ఏమవుతుందో చెబుతాను. 60వ సెక్షన్ అని ఒకటుంది. హక్కు లేకుండా కాపీరైట్ పేరుతో ఎవరినైనా బెదిరిస్తే, బెదిరింపుకు గురైనవారే ఎదురు దావా వేసి, ఆ బెదిరింపులు ఆపమని ఆర్డరు, నష్టం జరిగి ఉంటే పరిహారం అడగవచ్చు. అంటే అమ్మినవాడు వాది, పంచిన మీరు ప్రతివాది. కోపంలో రాయించిన నోటీసు ఇలా తిరగబడడం చూశాను కాబట్టే మొదటి వాక్యంలోనే వద్దన్నాను.

పోలీసుల సంగతీ అంతే. 63వ సెక్షన్ కింద తెలిసి కాపీరైట్ ఉల్లంఘించడం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఇది కాగ్నిజబుల్ (వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని) నేరమని నిట్ ప్రో కేసులో 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి నేరం గురించి ఎవరైనా స్టేషన్‌లో చెప్పవచ్చు. కానీ ఇన్‌స్పెక్టరు మొదట అడిగేది, ‘హక్కుదారు ఎవరు, వాళ్ళు అనుమతి ఇచ్చారా?’ అని. రెండోది, ‘ఈ ఫైళ్ళు నెట్‌లోకి ఎక్కించింది ఎవరు?’ అని. ఆ రెండో ప్రశ్నకు జవాబు మీ పేరే.

అందుకే మీ మూడో ప్రశ్న, ‘నేను పెట్టడమే తప్పా’ అన్నది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. మీ సొంత రిపేరు కోసం, చదువుకోవడం కోసం కాపీ తీసుకుని కంప్యూటర్లో దాచుకుంటే 52వ సెక్షన్‌లోని ‘ఫెయిర్ డీలింగ్’ (న్యాయమైన వాడకం) మినహాయింపు మీకు అండగా ఉంటుంది. అదే పుస్తకాన్ని లోకమంతా దించుకునేలా నెట్‌లో పెడితే, ఆ అండ సాధారణంగా సరిపోదు. ఉచితంగా ఇచ్చారు కాబట్టి తప్పు కాదు అనే నియమం మన చట్టంలో లేదు. వ్యాపార లాభం కోసం చేయనప్పుడు కోర్టు కారణాలు చూపించి ఆరు నెలల కంటే తక్కువ శిక్ష, 50 వేల కంటే తక్కువ జరిమానా వేయవచ్చు, అంతే. ఆ వెసులుబాటు లాభానికి అమ్మే దుకాణదారుకు దొరకదు. ఆయనకు తెలియని సగం ఇదే. ‘కంపెనీది కదా’ అన్న మాట నోటితో ఒప్పుకున్నారంటే, హక్కు వేరొకరిదని తెలిసే అమ్ముతున్నట్టు లెక్క.

భయపెట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. ఆగిపోయిన పరికరాల మాన్యువళ్ళ విషయంలో కంపెనీలు సాధారణంగా ముందు అడిగేది ఫైలు తీసేయమని. అలాంటి ఉత్తరం ఏదైనా వస్తే వాదనకు దిగకుండా ఆ ఒక్క ఫైలు వెంటనే తీసేసి, తీసేశామని రాతపూర్వకంగా చెప్పండి.

ఇక అసలు పని. 140 మాన్యువళ్ళూ ఒకే గాటన కట్టకండి. ప్రతి పుస్తకం మొదటి రెండు పేజీలు, చివరి అట్ట చూసి, అచ్చయిన సంవత్సరం, ప్రచురించిన కంపెనీ, రచయిత పేరు ఉంటే ఆ పేరు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. రచయిత పేరున్న పుస్తకానికి ఆయన జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. మాన్యువళ్ళ మీద చాలావరకు పేరు ఉండదు. అలా పేరు లేకుండా వచ్చినవాటికి, ఆ గడువులోగా రచయిత ఎవరో బయటపడకపోతే, అచ్చయిన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్ళు.

బెంగళూరులో ఉన్న మీకు ఒక మేలు ఉంది. టెలిఫోన్ పరికరాల ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) 1948లో, హెచ్ఎంటీ (హిందుస్థాన్ మెషిన్ టూల్స్) 1953లో, బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) 1954లో ఈ ఊళ్ళోనే మొదలయ్యాయి. మీ లేత్ మిషన్ మాన్యువళ్ళలో, రేడియో పరికరాల మాన్యువళ్ళలో ఈ సంస్థలవి తప్పకుండా ఉండి ఉంటాయి. ఇలాంటి ప్రభుత్వ రంగ సంస్థ మొదటి హక్కుదారైన రచనలకు 28ఎ సెక్షన్ వర్తిస్తుంది. రాసిన ఇంజనీరు ఎప్పుడు చనిపోయాడని వెతుక్కునే పనిలేదు. అచ్చయిన సంవత్సరం తెలిస్తే చాలు. 1964లో అచ్చయితే 2024 డిసెంబరు 31తో హక్కు తీరిపోయింది. 1978లో అచ్చయిన దానికి 2038 డిసెంబరు 31 దాకా ఉంటుంది. సవరించిన ఎడిషన్లతో జాగ్రత్త. 1962 నాటి పుస్తకానికి 1975లో కొత్తగా అధ్యాయాలు కలిపి ఉంటే, ఆ కలిపిన భాగానికి లెక్క వేరు.

విదేశీ పుస్తకాలకు కూడా ఇక్కడ రక్షణ ఉంది. అయితే 1999 నాటి అంతర్జాతీయ కాపీరైట్ ఆర్డరు ప్రకారం, సొంత దేశంలో గడువు తీరిపోయిన రచనకు ఇక్కడ అంతకు మించి గడువు రాదు. అమెరికాలో 1963 దాకా అచ్చయిన పుస్తకాలకు 28వ ఏట రెన్యువల్ చేయించాలనే నియమం ఉండేది. చేయించనివాటికి హక్కు పోయింది. మీ దగ్గర ఆ కాలపు అమెరికన్ ఆసిలోస్కోపు మాన్యువళ్ళు ఉంటే వాటిని విడిగా ఒక జాబితా చేయండి.

కంపెనీ మూతపడింది కాబట్టి హక్కు పోయిందని చాలామంది అనుకుంటారు. పోదు. కాపీరైట్ కూడా ఆస్తే. కంపెనీ ఆస్తులు కొన్నవాళ్ళకో, అప్పులవాళ్ళకో చేరుతుంది. హక్కుదారు ఎంత వెతికినా దొరకనప్పుడు పేపర్లో ప్రకటన ఇచ్చి, 31ఎ సెక్షన్ కింద కోర్టు ద్వారా లైసెన్సు అడిగే దారి ఉంది. ఖర్చు చూస్తే ఒక రేడియో మాన్యువల్ కోసం అంత దూరం వెళ్ళమని నేను చెప్పను.

ఇప్పుడు చెప్పబోయేది మీకు చేదుగా ఉంటుంది. గడువు తీరిన మాన్యువల్‌ను ఆ దుకాణం వాళ్ళు కూడా అచ్చువేసి అమ్ముకోవచ్చు. మీ స్కాన్‌నే వాడినా కాపీరైట్ కింద మీరు ఆపలేరు. గడువు తీరాక అది అందరి సొత్తు, అందులో అమ్ముకునేవాళ్ళూ ఉంటారు. అలాగే అవెన్యూ రోడ్డులో ఎవరైనా పాత ఒరిజినల్ పుస్తకాన్ని అమ్మితే, గడువు ఉన్నా లేకున్నా తప్పు లేదు. కంపెనీ ఒకసారి అమ్మిన ప్రతి చేతులు మారడాన్ని చట్టం ఆపదు. ఆపేది కొత్త ప్రతులు తీయడాన్ని. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ కేసులో 2016లో వచ్చిన తీర్పును కొందరు దుకాణదారులు అడ్డుపెట్టుకుంటారు. అది తరగతిలో పాఠం చెప్పడానికి తీసే కాపీల గురించిన తీర్పు. అంగట్లో ఎవరికైనా అమ్మే స్పైరల్ పుస్తకానికి అది పనికిరాదు.

ఇక మీ సొత్తు ఏది? ఆ 60 పేజీల నోట్సు. ఏ కెపాసిటర్ ముందు పోతుంది, దొరకని వాల్వుకు బదులు ఏది పెట్టాలి, ఎక్కడ ఎంత ఓల్టేజి రావాలి అని మీ అనుభవంతో మీ మాటల్లో రాసింది మీ రచన. రిజిస్ట్రేషన్ లేకపోయినా రాసిన క్షణం నుంచే హక్కు మీది. పెన్‌డ్రైవ్‌లో అవి కూడా ఉంటే, దుకాణం వాళ్ళు మీ కాపీరైట్‌నే ఉల్లంఘించారు. ఆ పేజీల మీది మీ పేరు, షరతు చెరిపేసి ఉంటే 65బి సెక్షన్ కూడా వస్తుంది. తెలిసి అలా చెరిపితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. 57వ సెక్షన్ కింద, ఆ రచన నాదే అని చెప్పుకునే హక్కు కూడా మీకుంది. కంపెనీ పేజీల మీద మీరు వేసిన ‘అమ్మకానికి కాదు’ ముద్రకు ఈ బలం లేదు, ఎందుకంటే అక్కడ షరతు పెట్టే హక్కు మీకు లేదు.

కాబట్టి చేయాల్సింది ఇది. వేరే ఎవరిచేతనైనా ఆ దుకాణంలో ఒక పెన్‌డ్రైవ్ బిల్లుతో కొనిపించండి. తెరవకుండా కవరులో పెట్టి తేదీ వేయండి. మీ నోట్సు రాసిన పాత డైరీలు, స్కాన్ ఫైళ్ళ అసలు తేదీలు భద్రంగా ఉంచండి. నోట్సును విడిగా ఒక పుస్తకంగా చేసి, 500 రూపాయల ఫీజుతో కాపీరైట్ రిజిస్ట్రేషన్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టండి. తప్పనిసరి కాదు కానీ కోర్టులో పనికొస్తుంది. తర్వాత ఆ 60 పేజీల వరకే నోటీసు ఇద్దాం. అందులో మిగతా మాన్యువళ్ళ ఊసు ఒక్క వాక్యం కూడా ఉండకూడదు.

గడువు తీరని మాన్యువళ్ళకు ఆయా కంపెనీలకు ఉత్తరం రాసి అనుమతి అడగండి. 30వ సెక్షన్ ప్రకారం లైసెన్సు రాతలో ఉండాలి, ఫోనులో ‘పెట్టుకోండి సార్’ అన్న మాట చాలదు. ఉత్తరంలోనే ‘లాభం లేకుండా, అమ్మకానికి కాకుండా’ అన్న షరతు కలిపి అడగండి. వాళ్ళు ఒప్పుకుంటే అనుమతి మీకే ఉంటుంది, దుకాణం వాళ్ళకు ఉండదు. దుకాణం గురించి కూడా అదే ఉత్తరంలో హక్కుదారుకు తెలియజేయండి. చర్య తీసుకునే హక్కు వాళ్ళది. జవాబు వచ్చేదాకా గడువు తీరనివాటిని నెట్ నుంచి పక్కకు తీసి మీ దగ్గరే ఉంచుకోవడం క్షేమం. గడువు తీరినవి నిశ్చింతగా అక్కడే ఉండనివ్వండి. ఎవరికైనా అవి మీ దగ్గర ఉచితంగా దొరుకుతున్నంత కాలం 450 పెట్టి కొనేవాళ్ళు తగ్గుతారు.

కాగితం ఒరిజినళ్ళను మాత్రం పాత పేపర్లవాడికి వేయకండి. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గర కాగితం ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్‌గా దాచుకోవచ్చని 52వ సెక్షన్‌లోనే ఉంది. అలాంటి లైబ్రరీకి మీ సేకరణ ఇస్తే, గడువు తీరనివి కూడా చట్టబద్ధంగా బతుకుతాయి. ఆ మాన్యువల్ చూసి రిపేరు చేయడం, అందులోని బొమ్మ చూసి అరిగిన పార్టును తయారుచేసుకోవడం ఎలాగూ నేరం కాదు. ఉపయోగ వస్తువులో కేవలం పనికోసం ఉన్న భాగాన్ని టెక్నికల్ డ్రాయింగ్ చూసి తయారుచేయడానికి చట్టమే మినహాయింపు ఇచ్చింది. లేత్ మిషన్ల మీద ఇంకా బతుకుతున్న పీణ్య వర్క్‌షాపుల వాళ్ళకు ఈ మాట చెప్పండి.

మాన్యువళ్ళ జాబితా, అచ్చయిన సంవత్సరాలతో సహా, ముందు తయారుచేయండి. నోట్సు తాలూకు డైరీలు, దుకాణం బిల్లు, ఆ కవరు దానితో కలిపి తీసుకుని వస్తే మిగతాది ఎదురుగా కూర్చుని చూద్దాం.