చెట్ల మధ్య పొడిమంచుకు ఏ స్కీలు?

ప్రశ్న: మూడు శీతాకాలాలుగా గుల్‌మార్గ్‌లో స్కీయింగ్ చేస్తున్నాను. నా స్కీల నడుము 80 మిల్లీమీటర్లు. చదును చేసిన వాలులో బాగానే ఉంటాయి గానీ, కేబుల్ కారు మొదటి దశ ఆగే కొంగ్‌దూరీ కింద దేవదారు చెట్ల మధ్య తాజా మంచులో మునిగిపోతున్నాయి. నా ఎత్తు 172 సెంటీమీటర్లు. ఎలాంటివి కొనాలి?

జవాబు: మీ ఇబ్బందికి మూలం నడుము వెడల్పే, అంటే బూటు కింద స్కీ ఎంత వెడల్పుగా ఉందన్నదే. 100 నుంచి 108 మిల్లీమీటర్ల వెడల్పున్నవి చూడండి. 115 దాటినవి లోతైన మంచులో ఇంకా బాగా తేలినా, ఒక అంచు మీది నుంచి రెండో అంచు మీదికి నిదానంగా మారతాయి కనుక, ఇరుకైన చెట్ల సందుల్లో వాటిని నేను సిఫారసు చేయను.

దుకాణంలో రెండు స్కీల అడుగుభాగాలను ఒకదానికొకటి ఆనించి, నడుము దగ్గర చేత్తో నొక్కి చూడండి. ముందు కొనలు చాలా దూరం నుంచే విడిపోతూ పైకి లేస్తే, అవి మంచులో గుచ్చుకోకుండా పైకి తేలతాయి, సులువుగానూ తిరుగుతాయి. ఆ వంపు వల్ల గట్టి మంచును తాకే పొడవు తగ్గుతుంది కాబట్టి, మీ ఎత్తుకు సమానంగానో, నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువగానో తీసుకోవచ్చు. లోపల లోహపు రేకులుండి, వంగకుండా బిగుసుగా ఉండేవి మాత్రం వద్దు. పాత బైండింగులనే (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులు) బిగించదలచుకుంటే, వాటి బ్రేకు చేతులు (ఊడిన స్కీ జారిపోకుండా ఆపేవి) కొత్త నడుముకు సరిపోతాయో లేదో ముందే కొలిపించండి.

మరొక మాట, దయచేసి తేలిగ్గా తీసుకోకండి: చెట్ల మొదళ్ల చుట్టూ వదులు మంచు కింద గుంతలుంటాయి, కాబట్టి వాటిలో పడితే చేతులు చిక్కుకోకుండా స్కీ కర్రల పట్టీలు మణికట్టుకు తగిలించుకోకుండా, తోడుగా వచ్చినవారు కనుచూపు మేరలో ఉండేలా చూసుకుని దిగండి.