రంగు కింద ఏముందో అడగండి

బైకుకు కొత్త రంగు వేయించడం గురించి విజయవాడ, గుంటూరు వైపు నుంచి ఎక్కువగా ప్రశ్నలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: నాది పదకొండేళ్ల బుల్లెట్. ట్యాంకుకు ఒకచోట సొట్ట ఉంది, అంచుల్లో తుప్పు పట్టింది. క్యాండీ రెడ్ వేయిద్దామనుకుంటున్నాను. ఒక పెయింటర్ మూడు రోజుల్లో ఇస్తానన్నారు, ఇంకొకాయన పన్నెండు రోజులు అడిగారు. ఎందుకింత తేడా?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వాళ్లిద్దరూ చెప్పింది వేర్వేరు పనుల గురించి. పాత రంగును వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది, సొట్టలో లప్పం పెట్టి, పైన రంగు కొట్టడానికి మూడు రోజులు చాలు. మీ ట్యాంకుకు తుప్పు ఉంది కాబట్టి ఆ పని సరిపోదు. తుప్పు మీద ఎంత మంచి రంగు వేసినా లోపల అది పాకుతూనే ఉంటుంది, ఏడాది తిరక్కుండా పెచ్చులు లేస్తాయి.

పన్నెండు రోజుల పనిలో ముందు పెట్రోలంతా తీసి, మూత, ట్యాప్, గేజీ విప్పుతారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ (కార్బురేటర్ లేని) బండి అయితే ట్యాంకులోని పంపు కూడా బయటికి రావాలి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, ఎందుకంటే లోపల మిగిలే ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. సొట్ట తీయడానికి వెల్డింగ్ చేస్తామంటే, గ్యాస్ మంట పెడతామంటే ఒప్పుకోకండి. సబ్బునీళ్లతో కడిగినా ఆవిరి పూర్తిగా పోయిందని నమ్మడానికి లేదు.

తర్వాత పాత రంగును రిమూవర్‌తో ఇనుము కనిపించేదాకా తీస్తారు. అతుకుల్లో రిమూవర్ మిగిలిపోతే ఆరు నెలల తర్వాత సరిగ్గా అక్కడే రంగు లేస్తుంది కాబట్టి కడగడంలో తొందర పనికిరాదు. కృష్ణ ఒడ్డు గాలిలో తేమ ఎక్కువ. బయటపడ్డ ఇనుము రాత్రికి రాత్రే సన్నగా తుప్పు పడుతుంది. అందుకే రంగు తీసిన రోజే ఎపాక్సీ ప్రైమర్ (తుప్పును ఆపే తొలి పూత) పడాలి. సాయంత్రం రంగు తీసి "రేపు చూద్దాం" అనేచోట పని ఇవ్వకండి.

లప్పం దగ్గరే ఎక్కువ పనులు చెడతాయి. 100 గ్రాముల లప్పానికి హార్డెనర్ (గట్టిపడేందుకు కలిపే మందు) 2 గ్రాములు, మన ఎండల్లో ఇంకొంచెం తక్కువ. గబగబా గట్టిపడాలని ఎక్కువ కలిపితే ఆ హార్డెనర్ పైరంగులోకి ఊరి, పసుపు మరకగా బయటికొస్తుంది. లేత రంగుల్లోనూ క్యాండీలోనూ అది బాగా తెలుస్తుంది. మందం 2, 3 మిల్లీమీటర్లు దాటకూడదు. అంతకన్నా లోతు సొట్టను ముందు లాగించి, మిగిలినదానికే లప్పం పెట్టాలి. లప్పాన్ని పొడిగానే రుద్దాలి. ముందు 80 నంబరు గరుకు పేపరు, తర్వాత 180, 320 (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది).

దాని మీద టూకే (హార్డెనర్ కలిపి వాడే రకం) ప్రైమర్ రెండు మూడు పూతలు పడతాయి. అది బాగా ఆరాక 600, ఆపై 800 వాటర్ పేపర్. ఈ దశలో ట్యాంకును ట్యూబ్‌లైట్ కింద పెట్టి పక్కనుంచి చూడండి. లైటు గీత ఎక్కడ వంకర తిరిగితే అక్కడ సొట్ట ఇంకా ఉన్నట్టే. ఇప్పుడు సరిచేయడం తేలిక, క్యాండీ పడ్డాక అసాధ్యం.

క్యాండీ అంటే అద్దంలా పారదర్శకమైన ఎరుపు. కింద వెండి గానీ బంగారు గానీ రంగు బేస్ (అడుగు పూత) వేసి, దాని మీద ఈ ఎరుపును 4 నుంచి 6 పలచటి పూతలుగా కొడతారు. పూత పూతకూ రంగు ముదురుతుంది. పైన క్లియర్ (రంగు లేని పైపూత) రెండు పూతలు, పూతకూ పూతకూ మధ్య 10, 15 నిమిషాల విరామం. బేస్ వేసిన 24 గంటల్లోపే క్లియర్ పడాలి. ఆలస్యమైతే రెండూ సరిగ్గా అతుక్కోవు. మంచి చోట రెండు రోజులు ఆరనిచ్చి, 800 పేపరుతో చదును చేసి, మళ్లీ క్లియర్ వేస్తారు. ఆఖరున 1500, 2000 పేపర్లు, కాంపౌండు (మెరుపు తెచ్చే పేస్టు). మధ్యమధ్య ఆరే సమయానికే రోజులు పడతాయి, చేతి పని అందులో సగం కూడా ఉండదు.

ట్యాంకు, రెండు సైడ్ ప్యానెళ్లు, రెండు మడ్‌గార్డులకు కలిపి ప్రైమర్ అర లీటరు, వెండి బేస్ అర లీటరు, కలిపిన క్లియర్ ముప్పావు నుంచి లీటరు దాకా అవుతుందని సుమారుగా లెక్కేసుకోండి. డబ్బాలు మీ ముందు విప్పమని అడగడంలో తప్పు లేదు, నిజంగా ఆ సరుకే వాడేవారు ఏమీ అనుకోరు.

ప్రశ్న: నాలుగు నెలల క్రితం ట్యాంకుకు రంగు వేయించాను. ఇప్పుడు ఒక పక్క చెమటకాయల్లా చిన్న చిన్న బుడగలు లేచాయి. మూత చుట్టూ రంగు మెత్తబడి గోటితో లేస్తోంది. రెండింటికీ కారణం ఒకటేనా?
– భవానీపురం, విజయవాడ

జవాబు: రెండు వేర్వేరు తప్పులు. బుడగలు సొట్ట తీసినచోటే లేచి ఉంటే లప్పాన్ని నీళ్లతో రుద్దారని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. దుమ్ము లేవకుండా ఉంటుందని, చేతికి తేలికని చాలాచోట్ల ఇలా చేస్తారు. లప్పం నీళ్లు పీల్చుకుంటుంది. ఆ నీళ్లు ప్రైమర్ కింద చిక్కుకుని, ఎండ తగిలినప్పుడల్లా ఆవిరై రంగును పైకి నెడతాయి. బుడగలు ట్యాంకంతా చెదురుమదురుగా ఉంటే కంప్రెసర్ గాలితో పాటు నీళ్లు వచ్చాయని అర్థం. వానాకాలంలో కంప్రెసర్ ట్యాంకు అడుగు ట్యాపును రోజుకు రెండు మూడుసార్లు విప్పి నీళ్లు వదలాలి, రంగు కొట్టే గన్నుకు ముందు నీళ్లు వడకట్టే ఫిల్టరు ఉండాలి. ఒక బుడగను బ్లేడుతో కోసి చూడండి. కింద ఇనుము ఎర్రగా ఉంటే తుప్పు, లేతరంగు లప్పం కనిపిస్తే పైన చెప్పిన కారణం.

మూత దగ్గరిది పెట్రోలు పని. హార్డెనర్ కలపని మామూలు క్లియర్ ఆరినట్టే కనిపిస్తుంది, మెరుస్తుంది కూడా. కానీ అది థిన్నర్‌తో కరిగినట్టే పెట్రోలుతో మెత్తబడుతుంది, ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఇంకా తొందరగా. హార్డెనర్‌తో గట్టిపడే టూకే క్లియర్ అయితే ఒకటి రెండు చుక్కలు పడి తుడిచేసినంత మాత్రాన ఏమీ కాదు.

మళ్లీ వేయించే ముందు ట్యాంకు అడుగున కనపడని చోట తెల్లగుడ్డను థిన్నర్‌లో ముంచి అర నిమిషం అదమండి. గుడ్డకు రంగు అంటితే హార్డెనర్ లేని రంగు. ముడతలు పడితే ఎనామిల్. ఏమీ కాకపోతే గట్టి టూకే గానీ కంపెనీ బేకింగ్ రంగు గానీ. మొదటి రెండింటిలో ఏది తేలినా దాన్ని పూర్తిగా తీసేయాల్సిందే. లారీ బాడీలకు వాడే ఎనామిల్ మీద టూకే కొడితే, కొడుతుండగానే కిందిది ఉబికి ముడుచుకుపోతుంది.

ప్రశ్న: క్యాండీ బ్లూ వేయిస్తే ట్యాంకు ఒక రంగు, సైడ్ ప్యానెళ్లు ఒక రంగు వచ్చాయి. పెయింటర్ మాత్రం ఒకే డబ్బా అంటున్నారు.
– తెనాలి

జవాబు: ఆయన నిజమే చెబుతూ ఉండవచ్చు. ట్యాంకుకు అయిదు పూతలు, ప్యానెళ్లకు నాలుగు పడితే ఒకే డబ్బాలోంచి రెండు రంగులు వస్తాయి. క్యాండీ వేసేటప్పుడు భాగాలన్నిటినీ ఒకే వరుసలో వేలాడదీసి, ఒకే గన్నుతో, ఒకే దూరంలో, ఒక్కోదానికి లెక్క ప్రకారం పూత వేస్తూ పోవాలి. గన్ను నాజిల్ 1.3 మిల్లీమీటర్లు, దూరం ఒక జానెడు లోపు. గన్ను ఒకసారి కొట్టిన పట్టీ మీద తర్వాతి పట్టీ ముప్పావు వంతు ఎక్కాలి. మామూలు రంగుకు సగం ఎక్కితే చాలు, ఇందులో ఆ సగంతోనే చారలు పడతాయి.

కింద బేస్ కూడా అన్నిటికీ ఒకటే ఉండాలి. వెండి రేణువు సన్నదీ ముతకదీ వేర్వేరు నీలాలను చూపిస్తాయి. ముందుగా ఒక రేకు ముక్కకు బేస్ వేసి, దాని మీద పక్కపక్కనే 3, 4, 5, 6 పూతల పట్టీలు కొట్టించుకుని మధ్యాహ్నపు ఎండలో చూసి ఎంచుకోండి. షెడ్డు లైటులో నచ్చినది బెంజి సర్కిల్ ఎండలో వేరేలా కనిపిస్తుంది. మీ ప్యానెళ్లు లేతగా వచ్చి ఉంటే పైన ఇంకో పూత వేసి ముదర్చడం సాధ్యమే, కానీ క్లియర్‌ను 800 పేపరుతో చదును చేసి, ఆ పూత పడ్డాక మళ్లీ క్లియర్ వేయాలి. ముదిరిపోయినదాన్ని లేతగా చేయడం కుదరదు. తర్వాత ఎప్పుడైనా గీత పడితే ఆ ఒక్కచోట సరిచేయడం కూడా కుదరదు, ఆ భాగమంతా మళ్లీ వేయాలి. రోజూ మార్కెట్ ఇరుకుల్లో ఆపే బండికి క్యాండీ కంటే గట్టి సాదా రంగే మేలు.

ప్రశ్న: పాత బుల్లెట్‌ను మిలిటరీ గ్రీన్ చేయిద్దామనుకుంటున్నాను. ఆర్‌సీలో నలుపు అని ఉంది. ఏమైనా ఇబ్బందా?
– మంగళగిరి

జవాబు: ఇబ్బందే. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకు మాత్రమే. షేడ్ కొంచెం మారినా రోడ్డు మీద తనిఖీలో వాదించుకోవాల్సి వస్తుంది, కాబట్టి ఇసుక రంగో ముదురు నీలమో ఆలోచించండి. ఏ రంగైనా సరే, ఆర్‌సీలో రాసిన దానితో బండి సరిపోవాలి. 1988 మోటారు వాహన చట్టంలో 52వ సెక్షన్ బండికి చేసే మార్పుల సంగతి చెబుతుంది. రంగు వేయించాక తిరగడం కాకుండా, ముందే రవాణా కార్యాలయంలో అడిగి ఆర్‌సీలో మార్పించే దారి చూసుకోండి. ఫైనాన్స్ తీరకపోతే వారి రాతపూర్వక అంగీకారం కావాలి. బీమా కంపెనీకీ తెలియజేయండి.

ఫ్రేముకు కూడా రంగు వేయిస్తే ఛాసిస్ నంబరును టేపుతో కప్పించండి. పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చడం) అయితే ఇది మరీ ముఖ్యం, ఆ మందానికి అంకెలు పూడుకుపోయి, బండి అమ్మేటప్పుడు నంబరు చదవలేని పరిస్థితి వస్తుంది. అది 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాల్చే పని. బేరింగులు, రబ్బరు బుష్షులు అన్నీ విప్పాకే పంపాలి. మామూలు లప్పం పెట్టిన ట్యాంకును ఆ ఓవెన్‌లో పెట్టకూడదు.

ప్రశ్న: ఫెయిరింగ్‌కు (బండి ముందు, పక్కల ఉండే ప్లాస్టిక్ తొడుగు) వేయించిన రంగు అప్పడంలా మొత్తం ఊడొస్తోంది. ఇనుప భాగాలు మాత్రం బాగున్నాయి.
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: భాగం లోపలివైపు చూడండి, ప్లాస్టిక్ రకం అచ్చులో ఉంటుంది. ఏబీఎస్ (ABS) అని ఉంటే సరిగ్గా రుద్ది ప్రైమర్ వేస్తే పట్టుకుంటుంది. పీపీ (PP, పాలీప్రొపిలీన్) అని ఉంటే దానికి ఏ రంగూ తనంత తాను అంటదు. ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పలచగా ఒక పూత వేసి, దాని డబ్బా మీద రాసిన సమయంలోపు తర్వాతి పొర వేయాలి. మీది అప్పడంలా వస్తోందంటే ఆ పూత మానేసి ఉండవచ్చు.

ఇంకో కారణం పాలిష్. సర్వీసింగ్‌లో నల్ల ప్లాస్టిక్‌కు, టైర్లకు పూసే సిలికాన్ పాలిష్ మిగిలి ఉంటే రంగు పట్టదు, పట్టినా చిన్న చిన్న గుంటలు పడతాయి. ముందు సబ్బునీళ్లు, తర్వాత గ్రీజు తీసే ద్రావకం, ఆ తర్వాతే పేపరు. ముందే రుద్దితే సిలికాన్ గీతల్లోకి ఇంకుతుంది. రంగుకు ఇచ్చే వారం రోజుల ముందు నుంచీ బండికి పాలిష్ పూయించకండి.

ప్రశ్న: మ్యాట్ బ్లాక్ మెయింటెనెన్స్ ఎలా?
– పటమట, విజయవాడ

జవాబు: మెత్తటి గుడ్డ, పలచటి షాంపూ నీళ్లు, అంతే. వ్యాక్స్, కాంపౌండు తగిలినచోట నూనె మరకలా మెరిసిపోతుంది, మళ్లీ మ్యాట్ కాదు. మోకాళ్లు రాసుకునేచోట కూడా కొన్నాళ్లకు నిగారింపు వస్తుంది. పెట్రోలు చుక్క, పక్షి రెట్ట పడితే వెంటనే కడగాలి.

ప్రశ్న: రంగు ఏ నెలలో వేయిస్తే మంచిది? చిన్న కంప్రెసర్ ఉంది, సైడ్ ప్యానెళ్లు ఇంట్లోనే వేసుకోవచ్చా?
– గొల్లపూడి

జవాబు: డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు విడిచాక పది గంటల నుంచి మూడింటి లోపు. రోహిణి కార్తెలో గన్ను నుంచి రంగు దారిలోనే సగం ఆరి, నారింజ తొక్కలా గరుకుగా పడుతుంది. తప్పదంటే నెమ్మదిగా ఆరే థిన్నర్ తీసుకుని ఉదయాన్నే కొట్టాలి. ముసురు పట్టిన రోజు హార్డెనర్ లేని రంగులు పాలు పోసినట్టు తెల్లబడతాయి.

బేస్ వరకు ఇంట్లో వేసుకోవచ్చు, అది కూడా ఆరుబయట, దగ్గర్లో పొయ్యి గానీ దీపం గానీ లేకుండా. టూకే క్లియర్ మాత్రం ఇంట్లో వద్దు. దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. గన్ను నుంచి లేచే ఆ సన్నటి తుంపర పీల్చితే ఆస్తమా రావచ్చు, ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే తర్వాత కొద్దిగా తగిలినా ఆయాసం తన్నుకొస్తుంది. కర్చీఫు, గుడ్డ మాస్కు, ఆసుపత్రి మాస్కు ఏవీ దాన్ని ఆపలేవు. కార్బన్ కార్ట్రిడ్జి ఉన్న రెస్పిరేటర్‌ను ముఖానికి బిగుతుగా పెట్టుకుంటేనే కొంత రక్షణ, దానికి తోడు కళ్లద్దాలు, నైట్రైల్ గ్లౌజులు. గడ్డం ఉంటే రెస్పిరేటర్ అంచు ముఖానికి అతుక్కోదు. మీరు బేస్ వేసుకుని క్లియర్ పెయింటర్‌తో వేయించుకోవాలనుకుంటే, మీరు వాడిన బేస్ కంపెనీ, థిన్నర్ ఏమిటో కాగితం మీద రాసి, బేస్ వేసిన రోజే ప్యానెళ్లతో పాటు ఆయనకు అందజేయండి.