వరదల్లో పార్శిల్ తేదీ రోజూ మారిపోతుంటే ఏం చేయాలి?

హైదరాబాద్ నుంచి రావాల్సిన పార్శిల్ తేదీ రోజూ మారుతోంది, వానలకు దారులు మూసేశారు, క్యాన్సిల్ చేసేయాలా అని అడిగారు కదా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మాకూ విజయవాడలో ఇదే టెన్షన్. అమ్మకు షుగర్ చూసే మెషిన్ స్ట్రిప్పులు హైదరాబాద్ నుంచి రావాలి.

యాప్‌లో చూపించే తేదీని వదిలేయండి. చివరి స్కాన్ ఎక్కడ పడిందో, అంటే పార్శిల్‌ని ఆఖరుగా ఎక్కడ నమోదు చేశారో చూడండి. మాది హైదరాబాద్ శివారు గోడౌన్ దగ్గరే ఆగింది. సెప్టెంబరు 1న నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు నీళ్లు హైవే ఎక్కాయి. అటు మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. రెండు దారులూ ఒకేసారి పోతే కస్టమర్ కేర్ వాళ్లు మాత్రం ఏం చెప్తారు? ఎప్పుడు ఫోన్ చేసినా "ఇరవై నాలుగు గంటల్లో సార్" అనేవాళ్లు.

అసలు చిక్కు దారి తెరిచాక మొదలవుతుంది. హైవే మీద బండ్లు త్వరగానే కదిలాయి, ఆ వారంలోనే పట్టాలూ బాగయ్యాయి. మాది బెంజ్ సర్కిల్ వైపు, మా వీధిలోకి వరద రాలేదు. అయినా పార్శిల్ రాలేదు. మా వైపు వచ్చే డెలివరీ అబ్బాయిది సింగ్‌నగర్, ఇల్లూ బండీ మునిగిపోయాయి. అక్కడ వారం దాటినా నీళ్లు పోలేదు. పైగా గోడౌన్‌లో గుట్ట పడిన సరుకులో పైనున్నదే ముందు బయటికొస్తుంది. స్ట్రిప్పుల తర్వాత ఆర్డర్ పెట్టిన ఫోన్ ఛార్జర్ ముందే వచ్చేసింది!

కాబట్టి మీది ఇంకా అమ్మకందారు దగ్గరే ఉంటే క్యాన్సిల్ చేసేయండి. మీ ఊరి హబ్‌కి (డెలివరీ వాళ్ల లోకల్ ఆఫీసుకి) చేరి ఉంటే మాత్రం వద్దు, మళ్లీ అదే దారిలో వెనక్కి వెళ్లాలి, రిఫండ్ కూడా ఆలస్యం కావచ్చు. ఆర్డర్ నంబరు, ఆధార్ పట్టుకుని హబ్‌కే వెళ్లి అడగండి. మేం వెళ్తే అలా చేతికిచ్చే రూల్ లేదని ముందు అన్నారు గానీ, గుట్ట కొంచెం తగ్గితే వాళ్లకీ మంచిదే కదా, వెతికి ఇచ్చారు. ఎవరూ రాకుండానే "కస్టమర్ అందుబాటులో లేరు" అని మెసేజ్ వస్తే అప్పటికప్పుడే ఫిర్యాదు పెట్టండి. అలాంటివి రెండు మూడు పడితే పార్శిల్ తిరుగుటపాలో పోతుంది.

మందులైతే ఈ ఎదురుచూపులేవీ పెట్టుకోకండి. పక్క మెడికల్ షాపులో కొనండి, అదే కంపెనీది దొరక్కపోతే డాక్టర్‌కి ఫోన్ చేసి వేరేది వాడొచ్చేమో కనుక్కోండి. మా మెషిన్‌కి వేరే స్ట్రిప్పులు పట్టవు కాబట్టి అవి వచ్చేదాకా అమ్మకు ల్యాబ్‌లోనే షుగర్ చూపించాం.