హెచ్‌ఆర్ అంటే హాజరుపట్టీ ఒక్కటేనా?

ప్రశ్న: బీకాం చదివి, ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు కర్మాగారంలో కాంట్రాక్టరు తరఫున మూడేళ్లుగా టైమ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. మానవ వనరుల నిర్వహణ (హెచ్‌ఆర్)లో పీజీ చేస్తానంటే మా మామయ్య ‘మస్టరు రాయడానికి ఎంబీఏ ఎందుకురా’ అంటున్నారు. ఏ కోర్సులో చేరాలి? ఉద్యోగం మానుకోవాలా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీ మామయ్యగారి మాటలో సగం నిజముంది. మస్టరు రాయడానికి ఎంబీఏ అక్కరలేదు. అయితే ఆ మస్టరు మీద తగాదా వచ్చిననాడు ఏం చేయాలో తెలియాలంటే ఈ చదువు కావాలి.

ఒక కార్మికుడు చెప్పకుండా పదిరోజులు మానేశాడనుకుందాం. సూపర్‌వైజరు అతణ్ణి గేటు దగ్గర ఆపి ‘రేపట్నుంచి రావద్దు’ అన్నంత మాత్రాన వ్యవహారం ముగియదు. ఆరోపణను తేదీలతో సహా చార్జిషీటులో రాసి ఇవ్వాలి, సంజాయిషీకి గడువు ఇవ్వాలి, విచారణలో అతని తరఫు సాక్షులను కూడా వినాలి. విచారణ తేలేలోపు సస్పెండు చేసినట్లయితే మొదటి 90 రోజులు వేతనంలో సగం, ఆ తరువాతి జాప్యానికి అతడు కారణం కాకపోతే 75 శాతం జీవనభృతిగా చెల్లించాలి. ఇందులో ఒక మెట్టు తప్పినా ఆ తొలగింపు కార్మిక వివాదాలు విచారించే న్యాయస్థానంలో నిలవకపోవచ్చు. అక్కడ ముందుగా చూపవలసిన కాగితం మీరు రోజూ రాసే ఆ మస్టరే. పైగా మీరు కాంట్రాక్టరు మనిషి కనుక, కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే ప్రధాన యజమానే, అంటే కర్మాగారమే, చెల్లించవలసి వస్తుందన్న సంగతి చాలామంది పట్టభద్రుల కంటే మీకే బాగా అర్థమవుతుంది.

కాబట్టి కోర్సు పేరు చూసి మోసపోకండి. ఎంబీఏలో సాధారణంగా మొదటి ఏడాది అందరికీ ఒకే పాఠాలుంటాయి. హెచ్‌ఆర్ రెండో ఏడాది స్పెషలైజేషన్‌గా వస్తుంది. సిలబస్ తెప్పించుకుని పారిశ్రామిక సంబంధాలు, కార్మిక చట్టాలు, వేతనాలు, సామాజిక భద్రత అనే పేపర్లు విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. నియామకాలు, శిక్షణ, పనితీరు మదింపులతోనే నిండిపోయిన సిలబస్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి సరిపోవచ్చు గాని, సిమెంటు ఫ్యాక్టరీలో మీకు సగం దారే చూపుతుంది. 29 కేంద్ర చట్టాలను కలిపి చేసిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం దగ్గరే ఆగిపోయిన నోట్సు చేతిలో పెడితే, కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘానికి యాజమాన్యంతో బేరమాడే ఏకైక సంఘంగా గుర్తింపు దక్కుతుందన్న నేటి నియమం మీకు తెలియకుండానే పోతుంది.

కడపలోని యోగి వేమన, అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాలలో ఎంబీఏ ఉంది. ప్రవేశం రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఐసెట్ ద్వారా. ఈ రంగంలో పేరుమోసిన జంషెడ్‌పూర్ ఎక్స్ఎల్ఆర్ఐకి వేరే పరీక్ష, ఎక్స్ఏటీ, రాయాలి. ఇంట్లో ఎవరూ మీ జీతం మీద ఆధారపడి లేకపోతే రెగ్యులర్‌గానే చదవండి. ప్రాంగణ నియామకాలు దూరవిద్యలో దొరకడం కష్టం. ఆధారపడినవారుంటే ఉద్యోగం వదలవద్దు, దూరవిద్యలో చేరండి; కాకపోతే ఆ సంస్థకు ఆ విద్యాసంవత్సరానికి యూజీసీ అనుమతి ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి, కట్టాక కాదు.

ప్రశ్న: పెనుకొండ వైపు కార్ల పరిశ్రమ వచ్చాక హెచ్‌ఆర్ ఉద్యోగాలకు ఎంబీఏ వారినే పిలుస్తున్నారని విన్నాను. నేను ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేస్తే పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: పనికొస్తుందమ్మా, కాకపోతే కార్మిక సంక్షేమం స్పెషలైజేషన్‌గా తీసుకోండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 500 మంది కార్మికులున్న చోట సంక్షేమ అధికారి తప్పనిసరిగా ఉండాల్సి వచ్చేది. కొత్త కోడ్ ఆ సంఖ్యను 250కి దించింది కాబట్టి ఈ ఉద్యోగాలు మరిన్ని కర్మాగారాలకు విస్తరిస్తాయి. ఆ ఉద్యోగానికి రాష్ట్ర నిబంధనలు చెప్పిన అర్హతల్లో మీరు చేరబోయే డిగ్రీ ఉందో లేదో ముందే చూసుకోండి. బోధన మీద మొగ్గు ఉంటే, అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో కార్మిక సంక్షేమం, పారిశ్రామిక సంబంధాలు, మానవ వనరుల నిర్వహణ కలిసి 55వ నంబరు సబ్జెక్టుగా ఉన్నాయి.